బురుజుపేటలో నామినేటెడ్ పదవులు పెట్టాలా, వద్దా?

బురుజు_కాపరి (మేయర్, కర్నూలు)

అందరికీ నమస్కారం. మన మైన్‌క్రాఫ్ట్ (దిమ్మెలు పేర్చి ఊళ్లు కట్టుకునే ఆన్‌లైన్ ఆట) సర్వర్‌లో బురుజుపేట అనే మన టౌన్ మొదలైనప్పుడు కొండారెడ్డి బురుజు నమూనా, దాని చుట్టూ నాలుగు ఇళ్లు ఉండేవి. ఇప్పుడు రెండు బజార్లు, ఒక రేవు, గని, చుట్టూ కోట గోడ ఉన్నాయి. పాలన మాత్రం మొదట ఎట్లుండేదో ఇప్పుడూ అట్లే ఉంది. మేయర్ ఒకడు, కింద ఆరుగురు అసిస్టెంట్లు.

కొత్తవాళ్లకు ప్లాట్ చూపించాలి, పన్ను ఎంత పెట్టాలో చూడాలి, బయటినుంచి వచ్చి దోచుకునేవాళ్లను అవుట్‌లా జాబితాలో పెట్టాలి, గోడ కూలిన చోట కట్టించాలి. రోజూ కొత్త రోజు మొదలయ్యేటప్పుడు టౌన్ బ్యాంకు నుంచి అప్‌కీప్ (టౌన్ నిర్వహణ ఖర్చు) కట్ అవుతుంది. మన సర్వర్‌లో బ్యాంకు ఖాళీగా ఉంటే టౌనే పోతుంది. ఆ టెన్షన్ అంతా నాదే.

అందుకని నాలుగు నామినేటెడ్ పదవులు పెడదామని నా ప్రతిపాదన. ఖజానా అధికారి, ప్లాట్ల అధికారి, భద్రతాధికారి, నిర్మాణ అధికారి. వీళ్లను మేయర్ నియమిస్తాడు. టౌన్ల పాలన కోసం సర్వర్‌కు జోడించిన టౌనీ ప్లగిన్‌లో ర్యాంకులు మనకు కావలసినట్టు రాసుకోవచ్చు కాబట్టి సాంకేతికంగా ఇబ్బంది లేదు. మీ అభిప్రాయాలు చెప్పండి.

పెన్నా_ఇసుక (ప్రొద్దుటూరు)

ఒకే ప్రశ్న అన్నా. ఖజానా అధికారికి బ్యాంకు నుంచి డబ్బు తీసే అనుమతి ఉంటుందా, ఉండదా?

రెడ్‌స్టోన్_రాజా (నంద్యాల)

మంచి ఆలోచన. నేను నిర్మాణానికి రెడీ.

తుంగభద్ర_తీరం (కర్నూలు)

ఇది కొత్త విషయమేం కాదు. స్టార్ వార్స్ గెలాక్సీస్ అనే ఆన్‌లైన్ ఆట 2003లో మొదలైంది. అదే ఏడాది చివర్లో ఆటగాళ్లు నడిపే నగరాలు వచ్చాయి. మేయర్‌ను నగర పౌరులు ఎన్నుకునేవాళ్లు, మూడు వారాలకోసారి ఎన్నిక. మిలీషియాలో, అంటే నగర కాపలా దళంలో, ఎవరుండాలో మాత్రం మేయరే నిర్ణయించేవాడు. అంటే పైన ఎన్నిక, కింద నియామకం. 2011 డిసెంబర్‌లో ఆట మూతపడేదాకా ఆ పద్ధతి నడిచింది.

అది నడవడానికి కారణం ఒకటే. మిలీషియా వాడు అతి చేస్తే ఆ కోపం మేయర్ మీద చూపించడానికి జనానికి మూడు వారాల్లో అవకాశం వచ్చేది. మనకు అట్లాంటిది ఉందా? టౌనీలో టౌన్ పెట్టినవాడే మేయర్. మన దగ్గర ఎన్నిక పెట్టుకున్నది మనంతట మనమే, అదీ ఆరు నెలలకోసారి. ఎన్నిక గడువు తగ్గిస్తే నేను పదవులకు ఒప్పుకుంటా.

పెన్నా_ఇసుక (ప్రొద్దుటూరు)

గెలాక్సీస్ సంగతి సరే, ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష యుద్ధాల ఆట సంగతి కూడా చెప్పుకోవాలి. 2009 ఫిబ్రవరిలో బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్ అనే పెద్ద కూటమి ఒక్కసారిగా కూలిపోయింది. యుద్ధంలో ఓడి కాదు. డైరెక్టర్ హోదా ఉన్న ఒక్క ఆటగాడు శత్రువుల వైపు పోయి, తనకున్న అనుమతులతో కూటమినే రద్దు చేశాడు. ఏళ్ల తరబడి వేలమంది కష్టపడి పట్టుకున్న ప్రాంతం చేజారింది. అతన్ని ఎవరూ ఎన్నుకోలేదు. పైవాళ్లు నమ్మి ఇచ్చారు, అంతే.

నేను ఇంతకు ముందు వేరే సర్వర్‌లో ఉన్న టౌన్‌లో ఇదే జరిగింది. మేయర్ పరీక్షలకని పోతూ తన దోస్తుకు హోదా ఇచ్చాడు. ఆ దోస్తు ఒక రాత్రి బ్యాంకు మొత్తం ఊడ్చేశాడు. అప్‌కీప్‌కు డబ్బు లేక తెల్లారేసరికి టౌన్ లేదు. మా ఇళ్ల చుట్టూ రక్షణ పోయింది, ఎవడు పడితే వాడు వచ్చి పగలగొట్టాడు. అందుకే అడుగుతున్నా. విత్‌డ్రా ఉంటుందా, ఉండదా?

బురుజు_కాపరి (మేయర్, కర్నూలు)

తమ్ముడూ, నేను నమ్మకస్తుల్నే పెడతా. ప్రతిదానికీ దొంగతనం గురించే ఆలోచిస్తే ఏ పనీ జరగదు.

@తుంగభద్ర, మూడు వారాలకోసారి ఎన్నికంటే ఎప్పుడూ ప్రచారమే ఉంటుంది, గోడ ఎవడు కడతాడు?

పెన్నా_ఇసుక (ప్రొద్దుటూరు)

ఇది జవాబు కాదన్నా.

రాత్రి_షిఫ్ట్ (సొంతూరు గుంతకల్లు, ఇప్పుడు బెంగళూరు)

నా సందేహం వేరే. మేయర్ మారితే ఈ అధికారులు ఉంటారా, పోతారా?

మన రాష్ట్రంలో రెండు రకాలూ చూస్తున్నాం. మార్కెట్ యార్డు చైర్మన్, కార్పొరేషన్ చైర్మన్ లాంటి నామినేటెడ్ పదవులు ప్రభుత్వంతో పాటే వస్తాయి, ప్రభుత్వం మారితే చాలామంది రాజీనామా చేసేస్తారు. పంచాయతీ కార్యదర్శి అట్ల కాదు. సర్పంచ్ ఎవరు గెలిచినా రికార్డులు ఆయన దగ్గరే ఉంటాయి. 2019 అక్టోబర్ 2న గ్రామ సచివాలయాలు వచ్చాక ఊళ్లో ఉద్యోగులు ఇంకా పెరిగారు, సర్పంచ్ మారినా వాళ్లు మారరు.

ఖజానా, ప్లాట్లు చూసేవాళ్లు రెండో రకం కావాలి. లేకపోతే ప్రతి మేయర్‌తో పాటు ఒక ముఠా దిగుతుంది, కొత్త మేయర్ రాగానే ఎవరి ప్లాట్ ఎవరిదో మళ్లీ మొదటినుంచి తేల్చుకోవాల్సి వస్తుంది. భద్రతాధికారి మొదటి రకం అయినా ఫర్వాలేదు.

శెనక్కాయ_చేను (కళ్యాణదుర్గం)

నేను ఎక్కువ రాయను అనుకున్నా. కానీ ప్లాట్ల మాట వచ్చింది కాబట్టి రాస్తున్నా.

శెనక్కాయ పీకే రోజుల్లో మా ఇంట్లో అందరం చేన్లోనే ఉంటాం. ఆ నెలంతా నేను లాగిన్ కాలేదు. తిరిగొచ్చి చూస్తే పడమటి బజారులో నా కొట్టు ప్లాట్ ఇంకొకరి పేరు మీద ఉంది. లోపల పెట్టెల్లో నేను దాచుకున్న వజ్రాలు, పుస్తకాలు ఏవీ లేవు. ‘ఇన్యాక్టివ్ రూల్’ అన్నారు. ఆ రూల్ ఎక్కడ రాసి ఉందని అడిగితే ఒకరు అసిస్టెంట్‌ను అడగమన్నారు. ఆరుగురు అసిస్టెంట్లనూ అడిగినా, ‘నేను కాదు’ అనే అందరూ అన్నారు.

ఏమప్పా, ఆరుగురికీ అన్ని అధికారాలూ ఉంటే తప్పు ఎవరిదని చెప్పాలి? అందుకే నాకు ఈ పదవులు కావాలి. ప్లాట్ల అధికారి అని ఒక్కరి పేరు ఉంటే ఆ ఒక్కరినే నిలదీస్తా.

పెన్నా_ఇసుక (ప్రొద్దుటూరు)

చూశారా, అధికారం ఇస్తే ఏం జరుగుతుందో! ఆయన ప్లాటే పోయింది. ఇంకా నలుగురికి ఇస్తామంటున్నారు.

శెనక్కాయ_చేను (కళ్యాణదుర్గం)

నేను చెప్పింది దానికి ఉల్టా. మళ్లీ చదువు తమ్ముడూ.

గని_కూలీ (కడప)

నెలంతా రాకపోతే ప్లాట్ తీసేయడం ఎక్కడైనా ఉండేదే. కొత్తవాళ్లకు బజారులో చోటెక్కడిది?

శెనక్కాయ_చేను (కళ్యాణదుర్గం)

చోటు కావాలంటే నాకు మెసేజ్ పెట్టొచ్చు కదా. పెట్టెలు ఖాళీ చేయమని ఏ రూల్ చెప్తుంది?

తుంగభద్ర_తీరం (కర్నూలు)

ఆయన చెప్పినదే అసలు సమస్య. పదవి ఉండడం కన్నా లెక్క అందరికీ కనిపించడం ముఖ్యం. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు పదవులు తీసేసింది. వంశపారంపర్యంగా ఒకే ఇంట్లో సాగిన పదవులవి. భూమి లెక్కలు కరణం చేతిలో ఉన్నప్పుడు రైతు తన పొలం సంగతి తెలుసుకోవాలన్నా ఆయన గడప తొక్కాల్సి వచ్చేది. మన ప్లాట్ల రిజిస్టర్ కూడా ఒకరి దగ్గరే ఉంటే అదే అవుతుంది.

ఎవరి ప్లాట్ ఎవరు తీశారు, ఎప్పుడు తీశారు, ఎందుకు తీశారు అనేది ఇక్కడే ఫోరంలో ఒక థ్రెడ్‌లో అందరికీ కనిపించేలా రాయాలి. తీసే ముందు పదిహేను రోజులు నోటీసు ఉండాలి. ఇవి లేకుండా పదవులు పెడితే నేను ఒప్పుకోను.

బురుజు_కాపరి (మేయర్, కర్నూలు)

నోటీసుకు సరే. రిజిస్టర్‌కూ సరే. అది రాసేది ఎవరు? మళ్లీ నేనే. అందుకే కదా ప్లాట్ల అధికారి కావాలంటున్నది!

పెన్నా_ఇసుక (ప్రొద్దుటూరు)

అడ్మిన్ అన్నా, మీరైనా చెప్పండి. ర్యాంకుకు విత్‌డ్రా లేకుండా చేయొచ్చా?

సర్వర్_అడ్మిన్

చేయొచ్చు. ఏ ర్యాంకుకు ఏ ఆదేశం పనిచేయాలో అనుమతుల ఫైల్‌లో విడివిడిగా రాస్తాం. డబ్బు వేయడం ఉంచి, తీయడం తీసేయొచ్చు. ప్లాట్ ఇవ్వడం, ఖాళీ చేయించడం కూడా వేరుగా పెట్టొచ్చు.

ఇంకో సంగతి. బురుజుపేటలో ఆరుగురు అసిస్టెంట్లకూ ఇప్పుడు విత్‌డ్రా ఉంది. మొదటినుంచీ అట్లే ఉంది.

పెన్నా_ఇసుక (ప్రొద్దుటూరు)

అంటే మన బ్యాంకు ఇప్పుడు కూడా ఏడుగురి చేతిలో ఉందా? ఇది ఎవరికైనా తెలుసా?

రెడ్‌స్టోన్_రాజా (నంద్యాల)

నాకు తెలుసు. నేను అసిస్టెంట్‌నే. ఒక్క రూపాయి ముట్టలేదు.

రాత్రి_షిఫ్ట్ (సొంతూరు గుంతకల్లు, ఇప్పుడు బెంగళూరు)

ముట్టారా లేదా అని కాదు రాజా. ఎవరికి ఏముందో ఊరికి తెలియకపోవడమే తప్పు. నా ప్రశ్నకు కూడా మేయర్ ఇంకా జవాబివ్వలేదు. మీరు దిగిపోతే మీరు పెట్టినవాళ్లు దిగుతారా?

బురుజు_కాపరి (మేయర్, కర్నూలు)

అందరూ నన్నే అడుగుతున్నారు కాబట్టి నేనూ ఒకటి అడుగుతా.

సాయంత్రం పని అయిపోగానే కూర్చుని రాత్రి దాకా ఈ టౌన్ చూసుకునేది నేనూ, రాజా, ఇంకో ఇద్దరు. పోయిన ఎన్నికలో ఓట్లు వేసినవాళ్లలో సగం మంది అంతకు ముందు నెలలో ఒక్కసారి కూడా లాగిన్ కాలేదు. ఓటుకు మాత్రం వచ్చారు. నేను పన్ను కొంచెం పెంచుదామంటే వద్దని ఓటేశారు. వాళ్లకు గని లేదు, బజారు లేదు, గోడ కూలితే వాళ్లకు తెలియదు. పని చేసేవాళ్లకు బాధ్యత ఇద్దామంటే అదేదో కుట్ర అన్నట్టు మాట్లాడుతున్నారు.

రాత్రి_షిఫ్ట్ (సొంతూరు గుంతకల్లు, ఇప్పుడు బెంగళూరు)

ఇప్పుడు బయటపడింది. నామినేటెడ్ పదవులన్నది పని పంచుకోవడానికి కాదు. మా ఓటుకు పని లేకుండా చేయడానికి.

అన్నా, ఆ బురుజు మొదటి అంతస్తు రాళ్లు పేర్చింది ఎవరు? అప్పుడు మీరు సర్వర్‌లోనే లేరు. నేను, అనంతపురంలో చదువుకునే నా స్నేహితులు ముగ్గురం, ఫోన్‌లో కర్నూలు ఫోటోలు చూసుకుంటూ కట్టినాం. ఉద్యోగం వచ్చింది, బెంగళూరు వచ్చేశాం. రోజూ ఆడలేం. అంతమాత్రాన అది మా ఊరు కాకుండా పోతుందా? మా జిల్లా నుంచి ఎంతమంది బెంగళూరుకు పనికి వచ్చారో మీకు తెలుసు. ఎన్నికలప్పుడు బస్సెక్కి పోయి ఓటేసి వస్తారు. వాళ్లను ‘మీరు ఇక్కడ ఉండరు, మీకెందుకు’ అని ఎవరైనా అంటే ఊరుకుంటారా?

గని_కూలీ (కడప)

ఊళ్లో ఉండేవాడికీ బెంగళూరులో ఉండేవాడికీ నీళ్ల సమస్య ఒకటే కాదు కదా అన్నా. పన్ను వద్దని మీరు ఓటేసి పోతే, అప్‌కీప్‌కు రాత్రంతా గనిలో తవ్వింది నేను.

రాత్రి_షిఫ్ట్ (సొంతూరు గుంతకల్లు, ఇప్పుడు బెంగళూరు)

నువ్వు తవ్వినందుకు నాకు గౌరవం ఉంది. అది నాకు ముందే చెప్పుంటే నేను పన్నుకు అనుకూలంగా ఓటేసేవాణ్ని. ‘పన్ను పెంపు, అవును/కాదు’ అని ఒక్క లైన్ పోల్ పెట్టారు. బ్యాంకులో ఎంతుంది, రోజుకు ఎంత పోతోంది అని ఎవరూ చెప్పలేదు.

శెనక్కాయ_చేను (కళ్యాణదుర్గం)

నేను కూడా నెలంతా రానివాణ్నే. నా ఓటూ తీసేస్తారా? కొట్టు పోయింది, ఇప్పుడు ఓటు కూడానా?

తుంగభద్ర_తీరం (కర్నూలు)

కొంచెం ఆగండి. రెండు వేర్వేరు గొడవలు ఒకే సంచిలో వేశాం. ఒకటి, పనులు ఎవరు చేయాలి, వాళ్లకు ఎంత అధికారం. రెండు, ఈ ఊరు ఎవరిది. మొదటిదానికి అనుమతుల ఫైల్ చాలు. రెండోదానికి చాలదు.

గెలాక్సీస్‌లో పౌరుడు కావాలంటే ఆ నగరంలో ఇల్లు పెట్టి అదే నా నివాసమని ప్రకటించాలి. ఆ ఇంటికి నిర్వహణ ఖర్చు కడుతూ ఉండాలి. మన దగ్గరా ఓటుకు అదే కొలత పెట్టొచ్చు. ఎన్ని గంటలు ఆడారని కాకుండా, టౌన్ పన్ను బాకీ లేకుండా ఉన్నారా అని చూద్దాం. బెంగళూరులో ఉన్నవాళ్లు ముందే డబ్బు వేసి పెట్టుకోవచ్చు. చేన్లో ఉన్నవాళ్లూ వేసి పెట్టుకోవచ్చు. గనిలో తవ్వేవాడికీ న్యాయం జరుగుతుంది.

గని_కూలీ (కడప)

దీనికి నేను ఒప్పుకుంటా.

రాత్రి_షిఫ్ట్ (సొంతూరు గుంతకల్లు, ఇప్పుడు బెంగళూరు)

పన్ను కట్టడానికి నాకు అభ్యంతరం లేదు. గంటలు లెక్కపెడితే మాత్రం ఒప్పుకోను.

బురుజు_కాపరి (మేయర్, కర్నూలు)

నేను ఎవరి ఓటూ తీసేస్తానని అనలేదు. కానీ రోజూ పని చేసేవాడి మాటకు కొంచెం బరువు ఉండాలనేది నా అభిప్రాయం, అది మార్చుకోను.

ప్రతిపాదన మార్చి రాస్తున్నా. ప్లాట్ల అధికారి, నిర్మాణ అధికారి, భద్రతాధికారి ఉంటారు. మేయర్ దిగితే భద్రతాధికారీ దిగుతాడు, మిగతా ఇద్దరూ ఉంటారు, కానీ కొత్త మేయర్ కారణం రాసి తీసేయొచ్చు. ప్లాట్ తీసే ముందు పదిహేను రోజుల నోటీసు. ఖజానా అధికారి పదవి ఇప్పటికి వద్దు. పెన్నా తమ్ముడికి జవాబు ఇదే.

పెన్నా_ఇసుక (ప్రొద్దుటూరు)

కొత్త పదవి వద్దన్నారు, మంచిది. అసిస్టెంట్ల విత్‌డ్రా సంగతి?

సర్వర్_అడ్మిన్

మేయర్ ఇప్పుడే అడిగారు. ఆరుగురికీ విత్‌డ్రా తీసేశాను. ఈ రాత్రి నుంచి మేయర్ ఒక్కరికే ఉంటుంది. డబ్బు వేయడం అందరికీ ఉంది.

శెనక్కాయ_చేను (కళ్యాణదుర్గం)

నా కొట్టు ప్లాట్ సంగతి ఎవరూ చెప్పలేదు.

రెడ్‌స్టోన్_రాజా (నంద్యాల)

ఇప్పుడు ఉన్నాయనకు మార్చమని అడుగుతా. ఒప్పుకోకపోతే పక్క ప్లాట్ ఇస్తాం. వజ్రాలు ఎవరు తీశారో మాత్రం నాకు తెలియదు అన్నా.

బురుజు_కాపరి (మేయర్, కర్నూలు)

ఆదివారం రెండు పోల్స్ పెడతా. ఒకటి పదవుల మీద, ఒకటి ఓటు హక్కు మీద. బ్యాంకులో ఎంతుందో, రోజుకు ఎంత పోతోందో పోల్ పైనే రాస్తా.

రాత్రి_షిఫ్ట్ (సొంతూరు గుంతకల్లు, ఇప్పుడు బెంగళూరు)

మంచిది. ఓటు హక్కు మీద పెట్టే పోల్‌లో ఎవరెవరు ఓటేయొచ్చో కూడా ఆదివారానికి ముందే ఇక్కడ రాయండి.