బట్టల దుకాణంలో మేం వారానికి ఎన్ని గంటలు పనిచేస్తున్నట్టు?

ప్రశ్న (పట్టుచీరల సెక్షన్, హనుమకొండ)

చౌరస్తా దగ్గర ఒక పెద్ద బట్టల దుకాణంలో సేల్స్‌లో ఉన్నాను. గోడకు అంటించిన కాగితంలో మా పనివేళలు ఉదయం పది నుంచి ఒంటి గంట వరకు, మళ్లీ నాలుగు నుంచి తొమ్మిది వరకు. మధ్యలో మూడు గంటలు విశ్రాంతి అని రాశారు. రోజుకు 8, ఆరు రోజులకు 48 గంటలు.

జరిగేది వేరు. తొమ్మిదిన్నరకే రావాలి. అద్దాలు తుడవాలి, బొమ్మలకు చీరలు కట్టాలి. మధ్యాహ్నం గిరాకీ తక్కువ కాబట్టి స్టాకు దించడం, ఒక్కో చీరకు ధర చీటీ అంటించడం అప్పుడే. భోజనానికి అరగంట దొరుకుతుంది. తొమ్మిదికి షట్టర్ సగం దించుతారు, అసలు పని అక్కడ మొదలవుతుంది. పెళ్లివారు ఒక్క చీర తీసుకోవడానికి నలభై విప్పిస్తారు. జరీ నలగకుండా ప్రతిదాన్నీ పాత మడత మీదే మడిచి, మధ్యలో కాగితం పెట్టి, అరలో సర్దాలి. బయటపడేసరికి తొమ్మిదీ ముప్పావు.

జీతం నెలకు 13,000. నా లెక్క ప్రకారం వారానికి డెబ్బై గంటలు దాటుతోంది. షట్టర్ దించాక చేసే పని లెక్కలోకి రాదని ఇన్‌చార్జి అంటున్నారు. పైగా ఇప్పుడు పది గంటల పని చట్టబద్ధమే అంటున్నారు. నిజమేనా?

జవాబు (కార్మిక శాఖ విశ్రాంత ఉద్యోగి, కరీంనగర్)

రెండూ నిజం కాదమ్మా. ముందు పది గంటల సంగతి. 2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు వాణిజ్య సంస్థలకు. దుకాణాలను అందులో నుంచి స్పష్టంగా మినహాయించారు. అందులోనూ వారానికి 48 గంటలే పరిమితి. మీకు 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టమే వర్తిస్తుంది: రోజుకు 8, వారానికి 48. అయిదు గంటలకు మించి ఏకబిగిన పని చేయించకూడదు, మధ్యలో గంట విశ్రాంతి ఇవ్వాలి.

షట్టర్‌కూ పనివేళకూ సంబంధం లేదు. యజమాని చెప్పిన పనికి మీరు అందుబాటులో ఉన్న సమయమంతా పనివేళే. అద్దం తుడవడమూ పనే, మడత పెట్టడమూ పనే. తొమ్మిదిన్నర నుంచి తొమ్మిదీ ముప్పావు అంటే 12 గంటల 15 నిమిషాలు. విశ్రాంతితో కలిపి కూడా రోజు 12 గంటలు దాటకూడదు, అక్కడే ఒక ఉల్లంఘన ఉంది. అరగంట భోజనం తీసేస్తే 11 గంటల 45 నిమిషాలు. ఆరు రోజులకు 70 గంటల 30 నిమిషాలు.

అదనం 22 గంటల 30 నిమిషాలు. 13,000ను 26 రోజులకు పంచితే రోజుకు 500, గంటకు 62 రూపాయల 50 పైసలు. అదనపు పనికి రెట్టింపు, అంటే గంటకు 125. వారానికి సుమారు 2,800 రూపాయలు మీకు రావాల్సినది ఆగిపోతోంది. డబ్బిచ్చినా ఇన్ని గంటలు చేయించే వీల్లేదు, అదనపు పనికీ చట్టంలో హద్దు ఉంది.

వచ్చిన వేళ, వెళ్లిన వేళ, మధ్యాహ్నం ఏ పని చెప్పారో రోజూ ఒక పుస్తకంలో రాసుకోండి. నలుగురైదుగురు కలిసి రాస్తే ఇంకా బలం. వాటితో సహాయ కార్మిక అధికారిని కలవండి. గోడ మీది కాగితానికి ఫోటో తీసి ఉంచుకోండి. విశ్రాంతి అని రాసిన వేళలోనే స్టాకు లారీ వచ్చిందని చూపగలిగితే ఆ కాగితం నిలవదు.

జవాబు (చిన్న బట్టల షాపు, ఖమ్మం)

యజమానిగా చెబుతున్నాను. సాయంత్రం ఆరు తర్వాతే మా బేరమంతా, ఇది వాస్తవం. అందుకని పొద్దున వచ్చినవాళ్లనే రాత్రి దాకా నిలబెట్టాల్సిన అవసరం లేదు. మా దగ్గర ఇద్దరు పదింటికి వచ్చి ఏడింటికి వెళ్తారు, ఇద్దరు పన్నెండుకు వచ్చి రాత్రి తొమ్మిదికి వెళ్తారు. అందరికీ మధ్యలో గంట విరామం. మడతలు ఎక్కువున్న రోజు మిగిలినవి మర్నాడు పొద్దున వచ్చినవాళ్లు పెడతారు. నలుగురున్న షాపులో కుదిరినప్పుడు పెద్ద దుకాణంలో ఎందుకు కుదరదు?

జవాబు (చెన్నై, టీ నగర్)

గంటలతో పాటు కుర్చీ సంగతీ అడగండి అక్కా. కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణ ఉద్యోగులకు కూర్చునే హక్కును చట్టంలో చేర్చాయి. నేను ఇక్కడి ఒక చీరల దుకాణంలోనే ఉన్నాను. గిరాకీ లేనప్పుడు స్టూలు మీద కూర్చుంటే ఇదివరకు కేకలు వేసేవారు, ఇప్పుడు వేయడం లేదు. కాళ్ల వాపు చాలా తగ్గింది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మా సెక్షన్‌లో నలుగురం రాయడానికి ఒప్పుకున్నాం. ఒక్క సందేహం: బతుకమ్మ, దసరా రోజుల్లో వారపు సెలవు కూడా ఇవ్వరు. అది ఎలా రాయాలి?

జవాబు (కార్మిక శాఖ విశ్రాంత ఉద్యోగి, కరీంనగర్)

వారానికి ఒక పూర్తి రోజు సెలవు మీ హక్కు. దాన్ని ఎగ్గొట్టడం విడిగా మరో ఉల్లంఘన. ఆ రోజు తేదీ పక్కన ‘వారపు సెలవు ఇవ్వలేదు’ అని రాసి, గంటలు మామూలుగానే వేయండి. ఆ గంటలు మొత్తం 48కి పైనే కాబట్టి రెట్టింపు లెక్కలోకే వస్తాయి.