తిక్కన పద్యాలు ఫోన్‌లో చదివించాలి, స్కాన్ పీడీఎఫ్‌తో తిప్పలు

పెన్నాతీరం (కావలి):
తొమ్మిదో తరగతి పిల్లలకి విరాటపర్వంలోంచి 30 పద్యాలు ఫోన్‌లో చదువుకునేలా ఇవ్వాలి. నెల్లూరి కవి పద్యం నెల్లూరి పిల్లల నోట పలకాలని నా తపన. దగ్గరున్నది పాత పుస్తకం స్కాన్. పెద్దది చేస్తే పాదం తెర దాటిపోతోంది, పక్కకి జరుపుకుంటూ చదివేసరికి ధార తెగుతోంది. ఇంకో పీడీఎఫ్ చూడ్డానికి బాగుంది గానీ, కాపీ చేస్తే ఇంగ్లీషు అక్షరాలు, పిచ్చి గుర్తులు వస్తున్నాయి. ఏం చెయ్యమంటారు?

గుండ్లకమ్మ (ఒంగోలు):
మాస్టారూ, ఆ రెండోది 'అను' అనే ఫాంటు లాంటి పాత డీటీపీ ఫాంటుతో కట్టింది అయ్యుంటుంది. ఇంగ్లీషు అక్షరాల చోట తెలుగు ముక్కల బొమ్మలు పెట్టిన ఫాంటు అది, యూనికోడ్ (అన్ని ఫోన్లూ గుర్తించే అక్షర పద్ధతి) కాదు. అందులో వెతకలేం, ఫోన్ చేత చదివించుకోలేం. దాన్నీ బొమ్మగానే ఎంచి ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాల్ని గుర్తించి పాఠంగా మార్చడం) చెయ్యండి. 300 డీపీఐ స్కాన్, పేజీ వంకర లేకుండా, పదేసి పేజీల ముక్కలుగా. గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్స్‌తో తెరిస్తే అక్షరాలు వస్తాయి. నెట్ లేనిచోట టెసరాక్ట్ అనే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్, దాని తెలుగు డేటా ఫైలు చాలు.

తిక్కన పాఠానికి కాపీరైట్ లేదు. ఈమధ్యవాళ్లు రాసిన టీకా తాత్పర్యాలకి ఉంటుంది, అవి ఎత్తి పెట్టకండి.

వెలిగొండ:
అసలు పని ఓసీఆర్ తర్వాతే. అది ఒత్తులు మింగుతుంది, వ-ప-ష, మ-య, థ-ధ తారుమారు చేస్తుంది. ఇక్కడ ఛందస్సే మీకు ప్రూఫ్‌రీడర్. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, యతి 10వ అక్షరం. చంపకమాలకి 21, యతి 11. లెక్క తప్పితే అక్షరం పోయినట్టు. లెక్క సరిపోయి గణం తప్పితే ఒత్తు పోయినట్టు: ఒత్తు రాలితే దాని ముందున్న గురువు లఘువైపోతుంది. నాలుగు పాదాల్లో రెండో అక్షరం, అంటే ప్రాస, కలవకపోతే అక్కడ హల్లు మారినట్టు. పాదం మధ్యలో ధ థ అయితే మాత్రం గణాలు పట్టుకోలేవు, స్కాన్ పక్కన పెట్టుకుని కంటితో చూడాల్సిందే.

ఈ పని పిల్లలకే అప్పజెప్పండి, ఇద్దరికో పద్యం. గురులఘువులు పెట్టడం పరీక్ష కోసం కాకుండా నిజంగా పనికొస్తుంది. తప్పు వెతికేవాడు ప్రతి అక్షరం చదువుతాడు.

పెన్నాతీరం (కావలి):
అరసున్నలు చాలావరకు నిండుసున్నలుగా వచ్చాయి. మొత్తానికే తీసేస్తే పిల్లలకి తేలిక కదా?

వెలిగొండ:
తీసెయ్యకండి మాస్టారూ. 'చూచెఁ గాని'లో చెఁ లఘువు. చెం అని పడితే గురువై గణం చెడుతుంది. అంతకంటే ముఖ్యం, ఆ అరసున్న ద్రుతానికి, అంటే 'చూచెన్' చివరి న్‌కి, గుర్తు. దాని తర్వాతి గ అసలు క అని పిల్లాడికి చెప్పేది అదే. ఆంధ్రభారతి నిఘంటువులో 'గాని' కాక 'కాని' వెతకాలని అప్పుడే తెలుస్తుంది. అది లేకపోతే పదం దొరక్క ఫోన్ పక్కన పెట్టేస్తాడు.

గుండ్లకమ్మ (ఒంగోలు):
కూర్పు సంగతి. పాదం చివర ఎంటర్ కొట్టండి, షిఫ్ట్-ఎంటర్ వద్దు. ఎంటర్ కొడితే ప్రతి పాదం విడి పేరా అవుతుంది, అప్పుడే హ్యాంగింగ్ ఇండెంట్ పాదానికి విడిగా పడుతుంది. చిన్న తెరమీద పాదం రెండు వరుసలైనా రెండోది లోపలికి జరిగి ఉంటుంది, కొత్త పాదం ఎక్కడ మొదలయిందో కంటికి ఆనుతుంది. వరుసల ఎడం 1.6 పెట్టండి, తక్కువైతే కింది ఒత్తులు తెగుతాయి. ఫాంటు మండలి గానీ నోటో గానీ. పద్యంలో సంధులు విడగొట్టొద్దు, నడక పోతుంది. పదవిభాగం పద్యం కింద విడిగా ఇవ్వండి. పద్యం మధ్యలో లింకులు అసలు వద్దు. డాక్స్ నుంచి ఈపబ్‌గా (ఈ-పుస్తకం ఫైలుగా) దించితే అక్షరాల సైజు ఎవరి కంటికి తగ్గట్టు వాళ్లు పెంచుకోవచ్చు. బొమ్మలు ఉండవు కాబట్టి ఫైలు చిన్నది, బ్లూటూత్‌లో పంపొచ్చు. ముందు మీ క్లాసులో అన్నిటికంటే పాత ఫోన్ మీద తెరిచి చూడండి, ఒత్తులు విడిపోయి కనిపించేది దానిలోనే.