కేబులింగ్ పని: పాయింట్ రేటా, నెల జీతమా?

కొత్త_కేబుల్: ఐటీఐ ఎలక్ట్రానిక్స్ అయింది. హైదరాబాద్‌లో ఆఫీసులకి నెట్‌వర్క్ కేబుల్ వేసే పనికి హెల్పర్‌గా రమ్మంటున్నారు. నెల జీతం మేలా, పాయింట్ రేటు (ఒక్కో కనెక్షన్‌కి ఇంత అని) మేలా? మూడేళ్లకి ఎక్కడికి చేరొచ్చు? గల్ఫ్ సంగతి కూడా చెప్పండి అన్నలూ.

పంచింగ్_టూల్: పాయింట్ అంటే ఏమేం పనులో ముందు కాగితం మీద రాయించుకో తమ్ముడూ. కేబుల్ లాగడం, ఐఓ పంచింగ్ (గోడ సాకెట్‌లో వైర్లు నొక్కి బిగించడం), ప్యాచ్ ప్యానెల్ పంచింగ్ (ర్యాక్ వైపు అదే పని), లేబులింగ్, టెస్టింగ్... అన్నీ ఒకే రేటులో కలిపేస్తే మునిగేది నువ్వే. సీలింగ్ మూసేశాక లాగే పాయింటుకి రేటు వేరే అడగాలి.

సైట్_మేస్త్రీ: టెస్టింగ్‌కి వేరే డబ్బులేంటి? టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వరసగా వెలిగాయా, పాయింట్ ఓకే.

ఫ్లూక్_రిపోర్ట్: ఈ మాట నమ్మే బిల్లులు ఆగిపోతున్నాయి. లైట్ల టెస్టర్ చూసేది వైరు అటు నుంచి ఇటు వచ్చిందా అన్నదొక్కటే. రెండు వైపులా 1-2, 3-4, 5-6, 7-8 జతలుగా కొట్టి చూడండి, ఎనిమిదీ వెలుగుతాయి. కానీ 3, 6 ఒక జతలో ఉండాలి, 4, 5 ఒక జతలో. దీన్నే స్ప్లిట్ పెయిర్ అంటారు. సర్టిఫయర్ (కేబుల్ నాణ్యత కొలిచే మెషీన్) పెడితే నెక్స్ట్ (ఒక జత సిగ్నల్ పక్క జతలోకి దూకడం) దగ్గరే ఫెయిల్. జతల పురి 13 మి.మీ. మించి విప్పినా క్యాట్6 కేబుల్‌కి అదే ముప్పు.

సైట్_మేస్త్రీ: మేం వేసిన ఆఫీసులన్నీ నడుస్తున్నాయి సార్. సర్టిఫయర్ అద్దె మీరిస్తారా?

ఫ్లూక్_రిపోర్ట్: అద్దె కాంట్రాక్టర్ కొటేషన్‌లో ఉండాలి, మీ జేబులోంచి కాదు. నడవడం వేరు, గిగాబిట్ మీద ప్యాకెట్లు పోకుండా నడవడం వేరు. పర్మనెంట్ లింక్ (ప్యానెల్ నుంచి గోడ సాకెట్ దాకా) 90 మీటర్లు, చివర్లలో తగిలించే ప్యాచ్ కార్డులతో కలిపి 100. దాటితే ఎవరొచ్చినా పాస్ చేయించలేరు.

రాగి_తీగ: మీరిద్దరూ కొట్టుకుంటున్నారు, సీసీఏ కేబుల్ మాట ఎవరూ ఎత్తరు! అల్యూమినియం మీద రాగి పూత. బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనబడుతుంది, 305 మీటర్ల బాక్స్ ఎత్తగానే తేలిక తెలిసిపోతుంది. దూరంగా ఉన్న పీఓఈ కెమెరాకి (నెట్‌వర్క్ కేబుల్‌లోంచే కరెంటు తీసుకునేది) వోల్టేజి చాలక రీబూట్ అవుతుంటే నింద టెక్నీషియన్ మీదే. లాగే ముందే బాక్స్ ఫొటో సైట్ గ్రూపులో పెట్టేయండి.

పే_స్లిప్: పిల్లాడు అడిగింది జీతం. నెల జీతం 21,000 లోపుంటే ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) వర్తిస్తుంది, నీ వాటా 0.75 శాతం, కంపెనీది 3.25. నిచ్చెన మీద పనికి ఇదే దిక్కు. పాయింట్ రేటు మీద పనిచేస్తే ఇది మామూలుగా ఎవరూ కట్టరు. పీఎఫ్ యూఏఎన్ నంబర్ వచ్చిందో లేదో మొదటి నెలలోనే చూసుకో.

ఫైబర్_జాయింట్: రాగి ఒక్కటే పట్టుకుంటే సూపర్‌వైజర్ దగ్గర ఆగిపోతావు. ఫైబర్ స్ప్లైసింగ్ (గాజు తీగల్ని కరిగించి అతికించడం) నేర్చుకో. సింగిల్ మోడ్ (దూరాలకి వాడే ఫైబర్) జాయింట్‌లో నష్టం 0.05 డీబీ లోపు రావాలి. ఎక్కువ చూపిస్తే ఫైబర్ మళ్లీ ఆల్కహాల్‌తో తుడువు, క్లీవర్ (ఫైబర్ కోసే పరికరం) బ్లేడ్ తిప్పు, మెషీన్‌లో ఫైబర్ కూర్చునే వి-గ్రూవ్ శుభ్రం చెయ్యి. ఆ తర్వాతే మెషీన్‌ని అనుమానించు. ఓటీడీఆర్ (ఫైబర్‌లో నష్టం ఎక్కడుందో కాంతితో చూపే మెషీన్) రీడింగ్ రెండు చివర్ల నుంచీ తీసి సగటు చూడటం వచ్చినవాడికి పలుకుబడే వేరు.

రియాద్_ర్యాక్: గల్ఫ్ సంగతి నేను చెప్తా. పది పాసయ్యావు కాబట్టి పాస్‌పోర్ట్ ఈసీఎన్ఆర్ (వలస అనుమతి అక్కర్లేనిది) వస్తుంది. లైసెన్స్ ఏజెంట్ తీసుకోగల ఫీజు 30,000, పైన జీఎస్టీ. అంతకు మించి అడిగితే లేచి వచ్చెయ్. ఏజెంట్ లైసెన్స్ కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో చూసుకో. విజిట్ వీసా మీద మాత్రం వెళ్లకు.

కొత్త_కేబుల్: మరి మొదటి నెల ఎంత అడగాలన్నా?

పే_స్లిప్: కార్మిక శాఖ కనీస వేతనాల పట్టిక తీసుకెళ్లు. అందులో వీడీఏ (ధరల్ని బట్టి మారే కరవు భత్యం) ఏప్రిల్ 1న, అక్టోబర్ 1న మారుతుంది. ఐటీఐ ఉన్నవాడిని అన్‌స్కిల్డ్ వరసలో రాస్తే సంతకం పెట్టకు.