పాత చెక్క కనూ ఏ కంపెనీదో, ఎప్పటిదో తెలుసుకోవడం ఎలా?

ప్రశ్న:
బోస్టన్‌కు పడమర న్యూటన్ దగ్గర మేము కొన్న పాత ఇంటి గరాజులో, దూలాలకు వేలాడదీసిన చెక్క కనూ (తెడ్డుతో నడిపే సన్నని పడవ) ఒకటి ఇంటితో పాటే మాకు సంక్రమించింది. పొడవు సుమారు 17 అడుగులు. లోపల అడ్డంగా వంచిన పల్చని బద్దలు, వాటి మీదుగా పొడవునా సన్నని పలకలు ఉన్నాయి. బయట పగుళ్లు వారిన ఆకుపచ్చ రంగు కింద ముతక గుడ్డ కనిపిస్తోంది. పేరు చెక్కిన బిళ్ల ఎక్కడా లేదు. ఇది ఆదివాసులు చేసిన పడవ అని పొరుగాయన గట్టిగా చెబుతున్నారు. రంగు గీకించే ముందు దీని పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవాలని ఉంది. అనుభవం ఉన్నవారు దారి చూపగలరు.

మొదటి జవాబు:
పొరుగువారి మాటలో సగమే నిజముంది. ఆదివాసుల సంప్రదాయ కనూకు బిర్చ్ చెట్టు బెరడే పైపొర. దాన్ని స్ప్రూస్ చెట్టు వేర్లతో కుట్టేవారు, మేకులు వాడేవారు కాదు. మీ పడవలో ప్రతి బద్ద దగ్గరా ఇత్తడి మేకుల వరుస ఉండి, వాటి మొనలు లోపలివైపు మడత పడి ఉంటే, అది ఇనుప పట్టీలు బిగించిన అచ్చు మీద తయారై, కాన్వాస్ అనే ముతక గుడ్డ కప్పిన కనూ అన్నమాట. అయితే ఆ రూపం బెరడు పడవ నుంచి వచ్చిందే. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఈ పరిశ్రమ పెరిగిన ఓల్డ్ టౌన్ పట్టణానికి ఆనుకునే పెనాబ్‌స్కాట్ అనే ఆదివాసీ ప్రజల ద్వీపం ఉంది, వారిలో కొందరు ఆ కర్మాగారాల్లో పనిచేశారు కూడా.

దయచేసి ఇప్పుడే గీకించకండి. రెండు కొసల్లోనూ పడవ అడుగు నుంచి పైకి వంగి లేచే కొయ్య లోపలి ముఖాన్ని మెత్తని బ్రష్‌తో తుడిచి, టార్చి వెలుగును ఏటవాలుగా వేసి చూడండి. అక్కడ అంకెలు గుద్ది ఉండవచ్చు. ఇసుక కాగితం ఒక్కసారి తగిలినా ఆ అంకెలు చెరిగిపోవచ్చు. పాత రంగులోనూ, గుడ్డకు పట్టించిన పూతలోనూ సీసం ఉండే అవకాశం ఉంది కనుక పిల్లలను దూరంగా ఉంచండి.

ప్రశ్న అడిగినవారు:
ఒక కొస కొయ్య మీద ఆరంకెల సంఖ్య, దానికి కాస్త ఎడంగా 17 కనిపించాయి. అవతలి కొస మీద కూడా అదే సంఖ్య సగం చెరిగి ఉంది.

రెండో జవాబు:
చాలా మంచి వార్త. ఎడంగా ఉన్న 17 పొడవును అడుగుల్లో చెబుతుంది, కాబట్టి ఇది ఆ ఓల్డ్ టౌన్ పట్టణంలోని ఓల్డ్ టౌన్ కనూ కంపెనీ సంఖ్య కావడానికే ఎక్కువ అవకాశం. ఆ కంపెనీ ఒక్కో పడవకు ఒక్కో కార్డు రాసి ఉంచింది. మోడల్, చెక్క రకం, రంగు, పని ఏ తేదీల్లో జరిగింది, ఏ ఊరికి పంపారు అనే వివరాలన్నీ అందులో ఉంటాయి. 1979లో ఏర్పడిన ఉడెన్ కనూ హెరిటేజ్ అసోసియేషన్ అనే పాత చెక్క కనూల అభిమానుల సంఘానికి సంఖ్య రాస్తే, అక్కడి స్వచ్ఛంద సభ్యులు స్కాన్ చేసిన ఆ కార్డును వెతికిపెడతారు. ఫొటోలు కూడా జత చేయండి.

మూడో జవాబు:
ఒక్క మాట చేర్చాలి. సంఖ్య దొరికింది కదా అని అక్కడితో ఆగకండి, ఎందుకంటే మెయిన్‌లోనే వాటర్‌విల్‌లో ఉన్న కెన్నెబెక్ కనూ కంపెనీ కూడా కొస కొయ్య మీదే అంకెలు గుద్దేది. కార్డులో రాసిన పొడవు, అంచు కొయ్య, సీట్లు మీ పడవతో సరిపోలినప్పుడే నమ్మాలి. కెనడాలోని పీటర్‌బరో పడవల మీద కనిపించే అంకెలు చాలావరకు మోడల్‌ను సూచిస్తాయి, తయారీ సంవత్సరాన్ని కాదు. మెయిన్‌లోనే వీజీ అనే ఊళ్లో ఉన్న మోరిస్ కనూ కంపెనీ ఎడమ అంచు లోపల చిన్న బిళ్ల మీద సంఖ్య వేసేది, కానీ 1919లో దాని కర్మాగారం కాలిపోవడంతో ఆ పడవలకు వెతుక్కునే కార్డు అంటూ లేదు.

ఇక మీ ఊరి సంగతి. న్యూటన్‌లోని ఆబర్న్‌డేల్ దగ్గర చార్లెస్ నది ఒడ్డున 1897లో తెరిచిన నోరంబెగా పార్కు కనూ విహారానికి ప్రసిద్ధి. జె. ఆర్. రాబర్ట్‌సన్ అక్కడే కనూలు చేసి అమ్మేవాడు. కార్డు దొరకకపోతే కొసలను కప్పే చెక్క ఎంత పొడవుందో కొలిచి రాయండి. నది మీద షికారుకు చేసిన పడవల్లో అది మూడు నాలుగు అడుగుల దాకా ఉండేది. మామూలు పడవల్లో అది జానెడు, మూరెడు మించదు. ఇంటి పాత యజమానుల పేర్లు కౌంటీ దస్తావేజుల్లో దొరుకుతాయి, వాటిని కార్డులోని ఊరి పేరుతో పోల్చి చూడండి.