కత్తి, చాకు, కత్తిపీట: మీ వైపు దేన్నేమంటారు, దేనికి వాడతారు?

పెరటిజామ: ఇంట్లో వాడే పనిముట్ల పేర్లు ఒకచోట రాసిపెడుతున్నాను. కత్తికి ‘చాకు’ అని పర్యాయపదం రాసేస్తే సరిపోతుందా? బాకు, కటారి, చురకత్తి, కరవాలం అన్నిటినీ ఒకే గాటన కట్టేయొచ్చా? ఏ పనికి ఏది వాడతారో కూడా చెప్పండి.

గోదారిగట్టు: కట్టేయకండి. కత్తి అంటే అన్నీ వస్తాయి. చాకు మాత్రం చిన్నది, పళ్ళూ కూరలూ కోసుకునేది. మడతపెట్టి జేబులో వేసుకునేదీ చాకే. పొట్టేలును కోసేదాన్ని ఎవరూ చాకు అనరు, అది వేటకత్తి. కొబ్బరిబొండాలు చెక్కేది కూడా కత్తే. బాకు, కటారి పొడవడానికి కాబట్టి వాటికి మొన ముఖ్యం. కటారికి పిడి అడ్డంగా ఉంటుంది, పిడికిలి బిగించి గుద్దినట్టు పొడుస్తారు. ఖడ్గం, కరవాలం, కృపాణం పద్యాల సరుకు. వంటింట్లో ‘ఆ కరవాలం ఇలా అందుకో’ అని చూడండి, ఏం జవాబొస్తుందో! చురకత్తి ఇప్పుడు ఎక్కువగా చూపులకూ మాటలకే మిగిలింది.

చెరువుకట్ట: తెలంగాణలో సూరి అని కూడా అంటరు, ఉర్దూల ఛురీ అంటరు. చాకు ఉర్దూ నుంచి వచ్చిన మాటే. కత్తిపీటను ఈలపీట అంటరు. కన్నడంల ‘ఈళిగె మణె’ అంటరు, పక్కపక్కన పెట్టి చూడున్రి. పేర్ల పట్టికల ఇది తప్పక రాయాలె.

పోపులడబ్బా: చాకునూ కత్తిపీటనూ పర్యాయపదాలుగా అస్సలు రాయొద్దు. చాకుతో కోసేటప్పుడు కత్తి కదులుతుంది. కత్తిపీట దగ్గర కత్తి కదలదు, కూరనే రెండు చేతులా పట్టుకుని అంచు మీదికి తోస్తాం. కందగడ్డ, గుమ్మడికాయ, తోటకూర కట్ట లాంటివి దాని మీద సులువుగా తెగేది అందుకే. ఒక కాలు మడిచి పీటను గట్టిగా తొక్కిపట్టాలి. పీట జరిగిందంటే వేలు తెగినట్టే. పని అయ్యాక పక్కకు పడుకోబెట్టి, అంచును గోడవైపు తిప్పి పెట్టాలి.

ఇనప కత్తితో వంకాయ, అరటికాయ కోస్తే త్వరగా నల్లబడతాయి. కాయల్లోని వగరు ఇనుముతో కలిస్తే వచ్చే రంగది. ముక్కల్ని కోసినవి కోసినట్టే ఉప్పు నీళ్ళలోకి జార్చాలి. పనసకాయకైతే చేతులకూ కత్తికీ ముందే నూనె రాయాలి, లేకపోతే జిగురు పట్టుకుని వదలదు. కందకూ చేతులకు నూనె కావాలి, కత్తికి అక్కర్లేదు. ‘కందకు లేని దురద కత్తిపీటకెందుకు’ అన్నారు గదా!

పెరటిజామ: ఆవకాయ ముక్కలు కొట్టే దాన్ని ఏమని రాయాలి?

గోదారిగట్టు: ‘మామిడికాయలు కొట్టే కత్తి’ అనే రాయండి, అందరికీ అర్థమవుతుంది. పీటకు ఒక కొస బందుతో బిగించి ఉంటుంది, రెండో కొసన పిడి పట్టుకుని ఒక్క దెబ్బ వేయాలి. ప్రతి ముక్కకూ టెంక అంటి ఉండాలి కదా, మామూలు చాకు అందుకు పనికిరాదు. టెంకలో ఇరుక్కుంటుంది, అటూ ఇటూ తిప్పి లాగితే అంచు పెచ్చులు లేస్తుంది.

సానరాయి: పదును మాటలు కూడా రాయండి, జనం కలిపేస్తున్నారు. నూరడం అంటే రాయి మీద చేత్తో రుద్దడం. సాన పట్టడం అంటే తిరిగే చక్రం మీద. కక్కు పెట్టడం కొడవలికి, అంటే అంచుకు పళ్ళు కొట్టించడం, అది కమ్మరి పని. పళ్ళున్న కొడవలిని రాయి మీద నూరారంటే కక్కు పోతుంది.

నూరే పద్ధతి: రోజువారీ చాకుకు 1000 నంబరు రాయి చాలు (నంబరు తగ్గేకొద్దీ రాయి గరుకు). అంచు పెచ్చులు లేచి ఉంటేనే ముందు 400. రాయిని నీళ్ళతో తడపాలి. 4 సెంటీమీటర్ల వెడల్పు చాకుకు వీపును, అంటే పదును లేని వైపును, రాయి నుంచి సుమారు 1.2 సెంటీమీటర్లు లేపితే 17 డిగ్రీల కోణం వస్తుంది. పని అయ్యేదాకా ఆ ఎత్తు మారకూడదు. ఎక్కువమందికి పదును రాకపోవడానికి కారణం ఆ ఎత్తు మారిపోవడమే. ఒకవైపు రుద్దుతూ ఉంటే రెండో వైపు అంచు పొడవునా సన్నటి గరుకు తగులుతుంది. వేలిని అంచు వెంబడి కాకుండా, వీపు నుంచి బయటికి జరిపి చూడాలి. గరుకు మొన దాకా వచ్చాకే తిప్పాలి. చివర్న నొక్కకుండా అటొకసారి ఇటొకసారి రుద్ది ఆ గరుకు తీసేయాలి. అది ఉండిపోతే మొదట బాగా తెగినట్టే ఉండి రెండు రోజులకే మొద్దుబారుతుంది.

చక్రం మీద పట్టించేటప్పుడు మధ్యమధ్యలో నీళ్ళలో ముంచమనండి. అంచు నీలం రంగుకు తిరిగిందంటే ఆ మేర గట్టిదనం పోయినట్టే, ఎన్నిసార్లు నూరినా నిలవదు.

చెరువుకట్ట: సామెతలు వదిలేసిన్రు. కత్తి మీద సాము, ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు, కత్తులు నూరుకునుడు. కత్తి కట్టుడు అంటే పగబట్టుడు. పందెం కోళ్ళకైతే అక్షరాలా కాలికి కడతరు. కత్తి లేని పందెం డింకీ. ఇగ కుర్రోళ్ళు ‘కత్తిలా ఉంది’ అంటే అదిరిందని.

పెరటిజామ: ఈలపీట, సూరి, కక్కు చేర్చాను. పాత కత్తిపీటలో కత్తి ఊగుతుంటే ఏం చేయాలి? నీళ్ళలో నానబెట్టమని ఎక్కడో చదివాను.

సానరాయి: నానబెట్టొద్దు. చెక్క ఉబ్బి ఆ పూటకు బిగుసుకుంటుంది, ఆరాక మళ్ళీ వదులే. పైగా చెక్కలో దిగిన ఇనుము లోపల తుప్పు పడుతుంది. కత్తి ఊడదీసి, తుప్పు గీకి, పొడిగా ఉన్నప్పుడే టేకు ముక్కతో సన్నటి చీల చెక్కి, కత్తి వీపు వైపు సందులో కొట్టండి. అంచు వైపు కొడితే కత్తి వెనక్కి వాలుతుంది.