1950 లీగ్: బోనస్ నిబంధన ఉంచాలా, తీసేయాలా?

తొలి_ఇన్నింగ్స్: కంప్యూటర్ బేస్‌బాల్ ఆటలో బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టుతో 1950 నాటి లీగ్ మొదలుపెడుతున్నాను. బోనస్ నిబంధన ఉంచాలా? అనుబంధ జట్ల (పెద్ద జట్టు కింద ఉండే మైనర్ లీగ్ జట్ల) ఎంపిక ఆటకే వదిలేయాలా? సెప్టెంబర్‌లో రోస్టర్ (జట్టు ఆటగాళ్ల జాబితా) ఎంత పెంచాలి?

ఎడమచేతి_పిచ్చర్: తప్పకుండా ఉంచండి. 1953-57 మధ్య సంతకానికి 4,000 డాలర్లు దాటి బోనస్ ఇచ్చిన కుర్రవాడిని రెండేళ్లు పెద్ద జట్టులోనే ఉంచాలి. అలాంటి బోనస్ కుర్రాడు, పిచ్చర్ కోఫాక్స్‌కు డాడ్జర్స్‌లో చోటివ్వడానికే 1955లో మరో పిచ్చర్ లసోర్డాను అనుబంధ జట్టు మాంట్రియల్‌కు పంపారు. ఆ ఇబ్బంది పడకుండా ఆడితే అది యాభైల బేస్‌బాల్ కాదు.

క్లాస్_డి: అనుబంధ జట్లు ఆటకు వదలకండి! క్లబ్బుకు ఒకే ట్రిపుల్ ఏ (మైనర్ లీగుల్లో అత్యున్నత స్థాయి) జట్టు ఇచ్చి ఆట చేతులు దులుపుకుంటుంది. డాడ్జర్స్‌కు మాంట్రియల్, సెయింట్ పాల్ రెండూ ఉండేవి. నా లీగ్‌లో పాతవన్నీ చేత్తో ఎక్కించాను.

పిట్స్‌బర్గ్_21: బోనస్ నిబంధన దండగ. అది నిజంగా పనిచేసి ఉంటే డాడ్జర్స్ సంతకం చేయించుకున్న క్లెమెంటే బ్రూక్లిన్‌లోనే ఉండేవాడు కదా?

ఎడమచేతి_పిచ్చర్: తలకిందులుగా చెబుతున్నారు. 10,000 డాలర్లిచ్చి మాంట్రియల్‌లో ఉంచారు కాబట్టే అతను డ్రాఫ్ట్‌కు (ఇతర క్లబ్బులు ఆటగాళ్లను ఎంచుకునే పద్ధతికి) దొరికాడు. 1954 నవంబర్‌లో మీ పిట్స్‌బర్గే ఎగరేసుకుపోయింది. నిబంధన పనిచేసిందనడానికి అంతకన్నా ఏం కావాలి?

పిట్స్‌బర్గ్_21: పాఠం చెప్పనక్కరలేదు. నేనడిగేది ఆట గురించి. కంప్యూటర్ నడిపే క్లబ్బులు అలాంటి వాళ్లను నిర్భయంగా కింది జట్లలో దాచేస్తున్నాయి, ఎవరూ లాక్కోవడం లేదు. శిక్ష నాకొక్కడికేనా?

వాషింగ్టన్_వీరాభిమాని: మా వాషింగ్టన్ బోనస్ కుర్రాడు కిల్‌బ్రూ మాటేమిటి? పదిహేడేళ్లకే తెచ్చి 1954లో 13 అట్‌బ్యాట్లు (బ్యాటింగ్ అవకాశాలు) మాత్రమే ఇచ్చారు. 1959లో 42 హోమర్లు కొట్టినవాడి తొలి రెండేళ్లు బెంచీపాలు! ఆ నిబంధన తలచుకుంటేనే నా రక్తం మరుగుతుంది.

తొలి_ఇన్నింగ్స్: సెప్టెంబర్ సంగతి?

పాత_స్కోర్‌కార్డు: ఇలాంటి లీగులు ఏళ్లుగా నడుపుతున్నాను, వినండి. బోనస్ కన్నా ముందు 1963 మార్పు సరిచూసుకోండి. మైనర్ లీగుల్లో కింది స్థాయిలైన బీ, సీ, డీ తరగతులు ఆ ఏడాది నుంచి లేవు. 1965లో అమెచ్యూర్ డ్రాఫ్ట్ (కొత్త కుర్రాళ్లను క్లబ్బులు వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) వచ్చింది. ఈ రెండూ సమయానికి మారకపోతే లీగంతా పాడవుతుంది.

క్లాస్_డి: డీ తరగతి పోవడం మీకు చిన్న విషయమా? 1949లో మైనర్ లీగులు 59 ఉండేవి. చిన్న చిన్న ఊళ్లకు సొంత జట్లుండేవి. నేను 1962లోనే లీగ్ ఆపేస్తాను, ఆ తర్వాత ఆడను.

పాత_స్కోర్‌కార్డు: అభిమానం వేరు, లెక్క వేరు. అన్ని జట్లతో సీజన్ నడిపితే కంప్యూటర్ కదలదు.

క్లాస్_డి: నాది కదులుతోంది! కావాలంటే ఫైలు పంపుతాను, మీరే చూడండి.

వాషింగ్టన్_వీరాభిమాని: నాకూ పంపండి. మా వాషింగ్టన్ అనుబంధ జట్టు చాటనూగా అందులో ఉందా?