కప్ప పిండాల్లో ఎక్స్‌బ్రా ఇన్ సిటు: బ్లాస్టోసీల్ లోపల ఊదా మచ్చ పోవట్లేదు

జెనోపస్ లేవిస్ కప్ప పిండాలతో హోల్ మౌంట్ ఇన్ సిటు (పిండాన్ని కోయకుండానే ఒక జీన్ ఎక్కడ పనిచేస్తోందో రంగుతో చూపే పద్ధతి) చేస్తున్నాను. స్టేజ్ 10.5 (గ్యాస్ట్రులా దశ తొలి భాగం), అంటే 23 డిగ్రీల దగ్గర ఫలదీకరణ అయ్యాక సుమారు 11 గంటలకు ఫిక్స్ చేసినవి. ప్రోబ్ (జీన్ ఆర్‌ఎన్‌ఏకి అతుక్కునే ఆర్‌ఎన్‌ఏ ముక్క) ఎక్స్‌బ్రా జీన్‌ది, యాంటీబాడీ పట్టుకునే డిగాక్సిజెనిన్ లేబుల్‌తో. బ్లాస్టోపోర్ (కణాలు లోపలికి మడుచుకునే చోటు) చుట్టూ రావాల్సిన ఉంగరం చక్కగా, అంచులు తేలేలా వస్తోంది, దాంతో ఇబ్బందే లేదు. కానీ పైన యానిమల్ క్యాప్ (పిండం పైకప్పు) కింద, ద్రవం నిండిన బ్లాస్టోసీల్ ఖాళీలో, మబ్బు పట్టినట్టు ఊదా రంగు నిలిచిపోతోంది. సెన్స్ ప్రోబ్ (జీన్ ఆర్‌ఎన్‌ఏకి అతుక్కోని కంట్రోల్) వేసిన పిండాల్లోనూ అదే మచ్చ, అదే చోట, కాబట్టి అది నిజమైన ఎక్స్‌ప్రెషన్ కాదని నా గట్టి నమ్మకం.

ఫిక్సింగ్ మెంఫా అనే ఫార్మాల్డిహైడ్ ద్రావణంలో 2 గంటలు, తర్వాత మిథనాల్‌లో మైనస్ 20. హైబ్రిడైజేషన్ 60 డిగ్రీల దగ్గర రాత్రంతా. రంగు బీఎం పర్పుల్‌తో. యాంటీబాడీని 1:2000 నుంచి 1:5000కి పలచన చేశాను, ప్రోబ్‌ని కాలమ్‌లో మళ్లీ శుభ్రం చేశాను, అతుక్కోని ప్రోబ్‌ని కరిగించే ఆర్‌ఎన్‌ఏస్ స్టెప్ కలిపాను, మెలీక్ యాసిడ్ బఫర్ వాష్‌లు రాత్రంతా పొడిగించాను. మొత్తంమీద బ్యాక్‌గ్రౌండ్ తగ్గింది గానీ ఆ మచ్చ మాత్రం కదల్లేదు, ద్రవం లోపల చిక్కుకుని బయటికి రావట్లేదనిపిస్తోంది. పిండాన్ని నిలువునా రెండుగా కోస్తే పోతుందని తెలుసు, కానీ ఉంగరం మొత్తం ఒకే ఫొటోలో కనబడాలి, కోయడం కుదరదు.

సన్న సూదితో యానిమల్ క్యాప్‌కి రంధ్రం పెడదామనుకుంటున్నాను. గ్యాస్ట్రులా పిండాలతో ఇది చేసినవాళ్లు చెప్పండి, ఆ రంధ్రం ఫిక్స్ చేసిన వెంటనే పెట్టాలా, లేక మిథనాల్ నుంచి తీసి రీహైడ్రేట్ చేశాక పెడితే పిండం చిట్లకుండా ఉంటుందా?